పాత జీపు కొనుగోలు – పరిశీలింపవలసిన విషయములు

సంతలో ఎద్దును కొనువారు దాని కొమ్ములకు పూసిన రంగును చూచి బేరము ముగింపరు. పళ్లు లెక్కింతురు, గిట్టలు పరిశీలింతురు, కాడి కట్టించి నడిపించి చూతురు. కాని అంతకు ఎన్నో రెట్లు వెల గల పాత జీపును కొనునపుడు ఈ జాగ్రత్తను మరచువారు మన గ్రామములలో లేకపోలేదు. ఒక పంట రాబడి అంతయు ఒక్క బేరములో పోవుటకు ఇది కారణమగును. ఇట్టి బేరములకు గ్రామస్థులు పంచాయతీ సభ్యులను పెద్దమనుషులుగా పిలుచుకొనుట కలదు. కావున సభ్యులు తెలిసికొనదగిన ముఖ్య విషయములను ఇచట మనవి చేయుచున్నాము.

ఛాసిస్

1994 నుండి 2019 వరకు తయారైన టాటా సుమో, 2000లో వెలువడిన మహీంద్రా బొలెరో, 2002లో వచ్చిన స్కార్పియో పల్లెలలో కనిపించు పెద్ద బండ్లు. ఛాసిస్ అను ఇనుప చట్రము వీటికి వెన్నెముక వంటిది. బాడీ దానిపై అమర్చబడి యుండును. కావున పై రంగును చూచుటకు ముందు బండి క్రిందికి వంగి, దీపము పట్టి చూడవలెను. తుప్పు రేకులుగా ఊడుచున్నను, వంపు కనిపించినను, క్రొత్తగా వెల్డింగు చేసిన అతుకులున్నను అనుమానింపవలెను. సముద్రతీరమున తిరిగిన బండ్లకు ఉప్పుగాలి వలన తుప్పు త్వరగా పట్టును. ఛాసిస్‌పై చెక్కిన నంబరు రిజిస్ట్రేషను పత్రములోని నంబరుతో సరిపోవలెను.

వరదలో మునిగిన బండ్లను కూడ గుర్తింపవలెను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వలన విజయవాడలో అనేక వాహనములు నీట మునిగినవి. అట్టి బండిలో సీట్ల క్రింది బోల్టులకు తుప్పు, తివాచీ అడుగున బురద, ముక్క వాసన మిగిలియుండవచ్చును.

ఇంజను

ఇంజనును చల్లగా ఉన్నపుడే స్టార్టు చేయింపవలెను. మనము వెళ్లుసరికే బానెట్ వేడిగా ఉన్నచో పరీక్షను మరునాటి ఉదయమునకు వాయిదా వేయుట మేలు. పొగ నీలముగా వచ్చిన ఇంజను ఆయిలు కాలుచున్నదని అర్థము. డీజిలు వాసనతో తెల్లని పొగ ఆగక వచ్చిన ఇంజెక్టర్లలో గాని, కంప్రెషనులో గాని లోపముండవచ్చును. నల్లని పొగ ఎయిర్ ఫిల్టరు మూసికొనిపోయినందున గాని, డీజిలు అధికముగా పడుచున్నందున గాని రావచ్చును. ఆయిలు చూచు కడ్డీపై పాలు కలిపిన టీ రంగు కనిపించినచో ఆయిలులో నీరు చేరినదని గ్రహింపవలెను. రేడియేటరు మూతను ఇంజను చల్లారిన పిమ్మటనే తీయవలెను.

నడక

బండిని గతుకుల దారిపైనను, ఎత్తు పైకిని నడిపించి చూడవలెను. ఎత్తున ఇంజను మోత పెరిగి వేగము పెరగనిచో క్లచ్చి జారుచున్నదన్నమాట. బయలుదేరునపుడు క్రింద 'టక్'మని శబ్దము వచ్చిన ప్రొపెల్లరు షాఫ్టు క్రాసులు అరిగి యుండవచ్చును. టైర్లు ఒకవైపే అరిగియున్న చక్రముల అమరిక తప్పినది. కిలోమీటర్ల అంకెను మార్చుట కష్టము కాదు గనుక, పెడళ్ల రబ్బరు, స్టీరింగు అరుగుదల, సర్వీసు రసీదులతో దానిని సరిపోల్చవలెను.

కాగితములు

రిజిస్ట్రేషను పత్రము, బీమా, కాలుష్య ధ్రువపత్రము, చెల్లించని చలానులు చూడవలెను. అప్పుపై కొన్న బండియైనచో, అప్పు తీరినట్లు ఋణదాత పత్రమును, ఫారము 35ను పొందవలెను. అమ్మకమునకు 29, 30 ఫారములు అవసరము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము, రాష్ట్రములోపలి అమ్మకమును అమ్మినవాడు 14 రోజులలో, కొన్నవాడు 30 రోజులలో రవాణా కార్యాలయమునకు తెలుపవలెను. బీమాను తన పేర మార్పించుకొనుటకు కొన్నవాడు 14 రోజులలో దరఖాస్తు చేయవలెను.

ఈ పని అమ్మినవానికి కూడ రక్షణ. చేతులు మారిన ఒక బండి ప్రమాదము చేసిన కేసులో, రిజిస్టరులో పేరున్న మొదటి యజమానియే నష్టపరిహారమునకు బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. తెల్లకాగితముపై వ్రాసికొన్న ఒప్పందము ఈ బాధ్యతను తప్పింపజాలదు.

తుదకు ఒక భేదమును జ్ఞాపకముంచుకొనుడు. క్లచ్చి, టైర్లు, క్రాసులు మార్చుకొనవచ్చును; ఆ ఖర్చును నమ్మకమైన మెకానిక్కుచే లెక్కగట్టించి ధరలో తగ్గింపవచ్చును. ఛాసిస్ చెడిన బండిని, నంబరు సరిపోని బండిని, కాగితములు లేని బండిని మాత్రము ఎంత చవుకగా వచ్చినను తీసికొనరాదు. ఈ మాటను బయానా ఇచ్చుటకు ముందే గ్రామస్థులకు చెప్పిన సభ్యుడు ఒక కుటుంబమును అప్పు నుండి కాపాడినవాడగును.