బలపపు రాయి: తెలుపు కాదు, పుట్టుక చూసి బేరం

ఖనిజాల వర్తకంలో బలపపు రాయి చిన్న సరుకే. నూనెగింజల మాదిరి పూటకొక ధర పలికేది కాదు. అయినా కాగితం, రంగులు, ప్లాస్టిక్, పింగాణి, రబ్బరు, పురుగుమందుల పొడి, ముఖానికి రాసుకొనే పౌడరు తయారుచేసే మిల్లులలో దేనిని అడిగినా ఈ రాతి పొడికి గిరాకీ ఉన్నది. ఖనిజాన్ని టాల్క్ అనీ, గట్టి ముద్దగా దొరికే మేలురకాన్ని స్టియటైట్ అనీ, ఇతర ఖనిజాలు కలిసిన రాయిని సోప్‌స్టోన్ అనీ వ్యాపారంలో అంటారు. మనం పలక మీద దిద్దిన బలపం, పులుసు కాచుకొనే రాచిప్ప ఈ కుటుంబానివే.

ఈ సరుకులో నష్టపోయేవారు తరచు చేసే పొరపాటు ఒకటే. నమూనా తెల్లగా, చేతికి నున్నగా ఉన్నదని బేరం ఖాయం చేస్తారు. కాని ఒకే తెలుపుగల రెండు లారీల సరుకులో ఒకటి విద్యుత్ ఇన్సులేటర్ల ఫ్యాక్టరీకి పోవచ్చు. రెండవది పురుగుమందులలో కలిపే పొడికి తప్ప పనికిరాకపోవచ్చు. ఆ తేడా మిల్లులో వచ్చేది కాదు, భూమిలోనే నిర్ణయమైపోయినది. కనుక రాయి పుట్టుక తెలిసిన వర్తకునికి బేరంలో పైచేయి ఉంటుంది.

బేతంచెర్ల ఉదాహరణ

నంద్యాల జిల్లాలోని (2022కు ముందు కర్నూలు జిల్లా) బేతంచెర్ల, ముద్దవరం ప్రాంతపు స్టియటైట్ పేరుపడినది. అక్కడి నేలలో వేంపల్లె డోలమైటు అనే రాతిపొర ఉన్నది. లోతులేని పురాతన సముద్రం అడుగున ఏర్పడిన ఈ రాతిలో సున్నం, మెగ్నీషియం రెండూ ఉన్నవి. మధ్య మధ్య చెకుముకి రాతి పట్టీలున్నవి. తరువాతి కాలంలో భూగర్భం నుండి కరిగిన నల్లరాయి, అనగా డోలరైటు, ఈ ప్రాంతపు పొరల మధ్యకు చొరబడినది. కడప జిల్లా పులివెందుల వద్ద ఇటువంటి నల్లరాతికి శాస్త్రజ్ఞులు కట్టిన వయస్సు సుమారు 188 కోట్ల సంవత్సరాలు.

ఆ వేడికి, దానితో కదలిన వేడినీటికి డోలమైటులోని మెగ్నీషియం, చెకుముకి రాతిలోని సిలికా, కొంత నీరు కలిసి టాల్క్ అయినవి. స్వచ్ఛమైన టాల్క్‌లో సిలికా 63 శాతానికి పైగా, మెగ్నీషియా దాదాపు 32 శాతం, మిగిలినది నీరు.

ఇక్కడ వర్తకుడు గుర్తుంచుకోవలసిన లెక్క ఒకటున్నది. డోలమైటు నుండి 100 టన్నుల టాల్క్ పుట్టినపుడు దాదాపు 79 టన్నుల కాల్సైటు, అనగా సున్నపురాయి, కూడా పుడుతుంది. వడ్లు ఆడిస్తే బియ్యంతోపాటు ఊక వచ్చినట్లే. ఆ సున్నాన్ని భూగర్భజలం కరిగించి తీసుకొనిపోయిన చోట మేలురకం టాల్క్ మిగిలినది. తీసుకొనిపోని చోట సున్నం టాల్క్‌లోనే ఉండిపోయినది. కనుక పొడిలో సున్నం కనబడినంత మాత్రాన మిల్లరు కల్తీ చేశాడని అనుకోనక్కరలేదు. అయితే ధర మాత్రం తగ్గవలసినదే.

రెండవ పుట్టుక

అన్ని గనుల రాయీ డోలమైటు నుండి వచ్చినది కాదు. మెగ్నీషియంతోపాటు ఇనుము అధికంగా గల నల్లని, పచ్చని అగ్నిశిలలు మార్పు చెందినపుడు కూడా టాల్క్ వస్తుంది. దీనిలో ఇనుము, నికెల్, మాగ్నసైటు కలిసి ఉంటవి. రంగు బూడిద, ఆకుపచ్చల మధ్య ఉంటుంది. చెక్కడానికి, పాత్రలకు మంచిదేగాని, శుద్ధి చేయకుండా తెల్ల పొడికి పనికిరాదు. ఫిన్లండులో ఇటువంటి రాతిని పొడిచేసి, నీటిలో నురుగుతో తేల్చి శుద్ధిచేసి కాగితం మిల్లులకు అమ్మినారు. ఆ యంత్రాలు లేనిచోట ఈ రాయి తక్కువ ధరకే పోతుంది.

తవ్వకంలో మెలకువ

డోలమైటులో టాల్క్ సమానమైన పొరగా ఉండదు. మధ్యలో లావుగా, చివరలకు సన్నగిల్లే ముద్దలుగా ఉంటుంది. ఒకచోట బాగా లావున్న ముద్ద కొద్ది దూరంలో పూర్తిగా మాయం కావచ్చు. అందువల్ల గని యజమాని మొదటి ముద్ద చూపి ఏడాది సరఫరాకు మాట ఇస్తే, ముందుకు బోర్లు వేసి చూశారా అని అడగడం వర్తకుని హక్కు.

పై మట్టి, పనికిరాని రాయి తొలగించిన తరువాత టాల్క్ దగ్గరకు రాగానే మందుగుండు తగ్గించి, గునపంతో తీయడం మంచి పద్ధతి. పేలుడులో పక్కరాయి కలిసిపోతుంది. ముద్దలు పొడి అవుతవి. తరువాత కూలీలు చేతితో ఏరి, రంగునుబట్టి కుప్పలు పోస్తారు. ఈ ఏరివేతలోనే రకం తేలుతుంది. ఏరివేత కూలి మిగుల్చుకొన్న గని సరుకు, చవకగా కనిపించినా, మిల్లులో ఖరీదు అవుతుంది.

మూడు పరీక్షలు

మొదటిది, పొడి మీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క. బుసబుస పొంగితే సున్నం ఉన్నదన్నమాట. డోలమైటు మాత్రం చల్లని ఆమ్లంలో మెల్లగా పొంగుతుంది, తొందరపడరాదు.

రెండవది, కాల్చి తూచడం. స్వచ్ఛమైన టాల్క్‌ను 1,000 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చితే తగ్గే బరువు 5 శాతం లోపు. కాల్సైటుకు 44 శాతం తగ్గుతుంది. కనుక పదోవంతు సున్నం కలిసిన పొడి 9 శాతానికి దగ్గరగా, ఐదోవంతు కలిసినది 12, 13 శాతం మధ్య తగ్గుతుంది. క్లోరైటు అనే ఖనిజం ఉన్నా బరువు ఎక్కువ తగ్గుతుంది. అది ఆమ్లంలో పొంగదు. అందుచేత రెండు పరీక్షలూ కలిపి చూడాలి.

మూడవది, కాలిన ముద్ద రంగు. తెల్లగా నిలిస్తే ఇనుము తక్కువ. గోధుమరంగుకు తిరిగితే పింగాణి ఫ్యాక్టరీ తిప్పి పంపుతుంది. ఇన్సులేటర్ల రకానికి సున్నం, ఇనుప ఆక్సైడు ఒక్కొక్కటి ఒకటిన్నర శాతం మించరాదన్నది వాడుకలో ఉన్న హద్దు.

రాతినార ప్రమాదం

డోలమైటు, సిలికా, నీరు ఉన్నచోట వేడి మరికొంత పెరిగితే ట్రెమొలైటు అనే ఖనిజం ఏర్పడుతుంది. అది సన్నని నారగా ఉంటే రాతినార, అనగా ఆస్బెస్టాస్. పులివెందుల సమీపాన బ్రాహ్మణపల్లె వద్ద నల్లరాయి వేంపల్లె డోలమైటును తాకిన చోటనే క్రిసొటైల్ అనే మరొక రకం రాతినార తవ్వినారు. అంటే బలపపు రాయి, రాతినార ఒకే వంటింట్లో పుట్టగలవు.

దీని ఫలితం మార్కెట్టులో చూశాము. దావాల నడుమ జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ టాల్క్‌తో చేసిన పిల్లల పౌడరు అమ్మకం 2020లో అమెరికా, కెనడాలలోనూ, 2023లో ప్రపంచమంతటా నిలిపివేసి మొక్కజొన్న పిండికి మారినది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2024 జూలైలో టాల్క్‌ను మనుషులకు క్యాన్సర్ కలిగించే సంభావ్యత గల పదార్థాల జాబితాలో చేర్చినది. కనుక పౌడరు రకం కొనేవారు ప్రతి లాటుకూ ఎక్స్‌రే, సూక్ష్మదర్శిని పరీక్షల పత్రం అడగాలి. పాత పత్రం కొత్త లారీకి చెల్లదు.

సరఫరా ఎక్కడ?

దేశంలో రాజస్థాన్‌ది మొదటి స్థానం. ఉత్తరాఖండ్ కూడా ముఖ్యమైనదే. అక్కడి బాగేశ్వర్ జిల్లాలో ఇళ్లు బీటలు వారగా 2025 జనవరిలో హైకోర్టు తవ్వకాలు నిలిపివేసినది. ఒకే ప్రాంతపు సరుకు మీద ఆధారపడిన మిల్లుకు ఇది హెచ్చరిక. 2015 ఫిబ్రవరిలో కేంద్రం ఈ ఖనిజాన్ని చిన్న ఖనిజాల జాబితాలో చేర్చినందున, లీజు, రాయల్టీ నిబంధనలు రాష్ట్రానికొక తీరుగా ఉంటవి. దూరపు సరుకు ధర పోల్చేటపుడు రవాణాతోపాటు వీటినీ లెక్క వేయాలి.

చివరకు చెప్పేది ఇంతే. నమూనా చేతికి వచ్చినపుడు ఏ రాతి పక్కన దొరికినది, ఎలా ఏరినారు, కాల్చితే ఎంత తగ్గినది అని అడగండి. జవాబులు కాగితం మీద వచ్చిన తరువాతనే బయానా ఇవ్వండి.