ఓవర్‌బ్రిడ్జి ఎక్కడానికి ఒక గ్రాము చక్కెర

ఖరగ్‌పూర్ స్టేషన్లో ఒక మనిషి ఓవర్‌బ్రిడ్జి మెట్లు ఎక్కుతున్నాడనుకుందాం. బరువు 70 కిలోలు, వంతెన ఎత్తు సుమారు 6 మీటర్లు. బరువును, ఎత్తును, గురుత్వ త్వరణాన్ని గుణిస్తే దాదాపు 4,100 జౌళ్లు వస్తాయి. కండరాలు తిండిలోని శక్తిలో సుమారు నాలుగో వంతునే పనిగా మార్చగలవు. కాబట్టి ఖర్చయ్యేది దానికి నాలుగు రెట్లు, అంటే 16,400 జౌళ్లు. ఒక గ్రాము చక్కెరలో ఉండే శక్తి కూడా ఇంచుమించు ఇంతే. టీలో వేసుకునే చెంచాడు చక్కెరతో ఈ వంతెన నాలుగైదు సార్లు ఎక్కవచ్చు.

లెక్క తేలికే. అసలు ప్రశ్న వేరే ఉంది. ఆ గ్రాము చక్కెర కాళ్లను ఎలా పైకి లేపింది?

ఈ ఊళ్లో ఆ ప్రశ్నకు ఒక సహజమైన జవాబు దొరుకుతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి పనికోసం వచ్చి ట్రాఫిక్, మథురాకాటి, నిమ్‌పురా వంటి రైల్వే కాలనీల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. బొగ్గు ఇంజన్లను వాళ్ల పెద్దలు దగ్గరగా చూశారు. బొగ్గు మండుతుంది, నీరు ఆవిరవుతుంది, ఆవిరి పిస్టన్‌ను తోస్తుంది, చక్రం తిరుగుతుంది. ఒళ్లు కూడా అలాగే తిండిని మండించి పని చేస్తుందని అనుకోవడం సులువు. బడి పుస్తకాలు కూడా "ఆహారం దహనం చెంది శక్తినిస్తుంది" అని ఒక్క వాక్యంతో సరిపెడతాయి.

ఈ పోలిక సగమే నిజం. మొదలు, చివర రెండింటికీ ఒకటే. ఒక గ్రాము గ్లూకోజ్ సుమారు 1.07 గ్రాముల ఆక్సిజన్‌తో కలిసి 1.47 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 0.6 గ్రాము నీరు అవుతుంది. పొయ్యిలో కాల్చినా, కండరంలో ఖర్చయినా ఈ లెక్క మారదు. మధ్యలో జరిగేది మాత్రం పూర్తిగా వేరు. ఆవిరి ఇంజన్ వేడితో నడుస్తుంది. వేడి నుంచి పని రాబట్టాలంటే ఒక పక్క బాగా వేడిగా, ఇంకో పక్క చల్లగా ఉండాలి. మన కణంలో ఆ తేడా లేదు. ఈ మూల నుంచి ఆ మూల దాకా అంతా 37 డిగ్రీలే. అలాంటి చోట వేడి వల్ల ఒళ్లు వెచ్చగా ఉంటుంది తప్ప పని జరగదు. కాబట్టి కణం శక్తిని వేడిగా మారకముందే, రసాయన రూపంలోనే పట్టుకోవాలి.

రసాయన రూపం అంటే ఏమిటో చూద్దాం. గ్లూకోజ్ అణువులో ఉన్నవి 6 కార్బన్, 12 హైడ్రోజన్, 6 ఆక్సిజన్ పరమాణువులు. పరమాణువులను కలిపి ఉంచేవి అవి పంచుకునే ఎలక్ట్రాన్లు. కార్బన్, హైడ్రోజన్ల మధ్య ఎలక్ట్రాన్లు దాదాపు సమానంగా ఉంటాయి. ఆక్సిజన్ దగ్గరికి వచ్చాయంటే అది తన వైపు గట్టిగా లాక్కుంటుంది. ఎత్తు మీది నీరు పల్లానికి పారినప్పుడు శక్తి విడుదలైనట్టే, ఎలక్ట్రాన్లు ఆక్సిజన్‌ను చేరినప్పుడు కూడా శక్తి విడుదలవుతుంది. నిప్పులో ఈ దూకుడు ఒక్కసారిగా జరుగుతుంది. కణంలో ఎంజైములనే ప్రోటీన్లు దాన్ని మెట్లు మెట్లుగా దింపుతాయి. దిగేటప్పుడు దొరికిన శక్తిలో సుమారు 40 శాతం ఏటీపీ అనే అణువు తయారీకి పోతుంది. ఆవిరి ఇంజన్లలో చాలావాటి సామర్థ్యం 10 శాతం కూడా దాటలేదు.

ఏటీపీ అంటే ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్. ఒక ఎడినోసిన్‌కు వరుసగా మూడు ఫాస్ఫేట్లు తగిలించి ఉంటాయి. నీటి సాయంతో చివరి ఫాస్ఫేట్ విడిపోతే, కణంలోని పరిస్థితుల్లో, ఒక మోల్‌కు సుమారు 50 కిలోజౌళ్ల శక్తి పనికి అందుతుంది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. "బంధం తెగితే శక్తి వస్తుంది" అని చాలామంది విద్యార్థులు రాస్తారు, మార్కులూ పడతాయి. కానీ ఏ బంధమైనా తెంచడానికి శక్తి ఖర్చే. ఏటీపీలో రుణావేశం ఉన్న ఫాస్ఫేట్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఇరుకుగా ఉంటాయి. నీటితో చర్య జరిగాక వచ్చే కొత్త పదార్థాలు అంతకంటే నిలకడగా ఉంటాయి. శక్తి వచ్చేది ఆ తేడా నుంచే.

రోజుకు 2,000 కిలోక్యాలరీలు తినే మనిషి లెక్క కట్టండి. అది 8,400 కిలోజౌళ్లు. అందులో 40 శాతాన్ని 50తో భాగిస్తే సుమారు 67 మోల్‌లు. ఒక మోల్ ఏటీపీ బరువు 507 గ్రాములు. మొత్తం 34 కిలోలు! ఒంట్లో ఎప్పుడు చూసినా అంత ఏటీపీ ఉండదు, ఉండేది గ్రాముల్లోనే. ఉన్న కొంచెమే రోజంతా విరుగుతూ, మళ్లీ అతుక్కుంటూ ఉంటుంది. ఏటీపీని శక్తి గిడ్డంగి అనడం కంటే చేతులు మారే చిల్లర అనడం నయం.

ఈ అణువును కనుగొన్న చరిత్రలో మన భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికా వెళ్లి హార్వర్డ్ వైద్య పాఠశాలలో సైరస్ ఫిస్కే దగ్గర పనిచేశారు. వారి మొదటి గొప్ప పని చూడటానికి చాలా చిన్నది: రక్తంలోనూ మూత్రంలోనూ ఉన్న ఫాస్ఫరస్‌ను రంగు చూసి కొలిచే పద్ధతి. ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపితే అది ఫాస్ఫేట్‌తో జత కడుతుంది. తగిన రసాయనంతో క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. 1925లో ప్రచురించిన ఈ ఫిస్కే-సుబ్బారావు పద్ధతిని ప్రపంచమంతటా ప్రయోగశాలలు వాడాయి.

దీన్ని కండరం మీద వాడినప్పుడే కథ మలుపు తిరిగింది. కండర రసంలో నీలిరంగు ఒకేసారి రాలేదు. నెమ్మదిగా, ఆలస్యంగా ముదురుతూ పోయింది. ఇంకొకరైతే పద్ధతిలో లోపమనుకుని వదిలేసేవారేమో. వీరిద్దరూ మాత్రం, ఏదో నిలకడలేని పదార్థం ఆమ్లంలో మెల్లగా విరుగుతూ ఫాస్ఫేట్‌ను వదులుతోందని పట్టుకున్నారు. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. ఇంగ్లండులో ఎగిల్‌టన్ దంపతులు కూడా అప్పుడే విడిగా అదే పదార్థాన్ని చేరుకున్నారు. 1929లో ఏటీపీ వంతు వచ్చింది. జర్మనీలో కార్ల్ లోమన్, బోస్టన్లో ఫిస్కే, సుబ్బారావు అదే ఏడాది వేర్వేరుగా ప్రచురించారు. ఏటీపీ పేరు చెప్పగానే లోమన్‌ను మాత్రమే తలచి ఊరుకునే పుస్తకాలు ఉన్నాయి. అది న్యాయం కాదు.

ఇందులో తేలింది ఒక కొత్త రసాయనం పేరు మాత్రమే కాదు. కండరం లాక్టిక్ ఆమ్లం వల్లే ముడుచుకుంటుందని అప్పట్లో నమ్మేవారు. కండర పరిశోధనకు 1922 నోబెల్ బహుమతి అందుకున్న హిల్, మయర్‌హాఫ్‌ల కాలపు అవగాహన అది. 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త లుండ్స్‌గార్డ్ అయోడోఅసిటిక్ ఆమ్లంతో లాక్టిక్ ఆమ్లం తయారీని ఆపేసినా కండరం కొంతసేపు ముడుచుకుందనీ, ఆ సేపూ ఫాస్ఫోక్రియాటిన్ తరిగిపోయిందనీ చూపించాడు. పాత నమ్మకం అక్కడితో పోయింది.

ఇక విరిగిన ఏటీపీని తిరిగి అతికేది ఎవరు? ఎక్కువ భాగం మైటోకాండ్రియాలే. ఎలక్ట్రాన్లు మెట్లు దిగే శక్తితో, మైటోకాండ్రియా లోపలి పొరకు అవతల ప్రోటాన్లు పోగవుతాయి. అందువల్ల పొరకు రెండు వైపులా సుమారు 0.15 వోల్టు తేడా ఏర్పడుతుంది. టార్చిలైటు బ్యాటరీలో పదో వంతు, అంతేనా అనిపిస్తుంది. కానీ ఆ పొర మందం మీటరులో వంద కోట్ల వంతును ఐదుతో గుణించినంతే. అదే తీవ్రతతో పొర ఒక మిల్లీమీటరు మందం ఉండి ఉంటే వోల్టేజి 30,000 అయ్యేది. స్టేషన్లో పట్టాల మీది తీగలో ఉండేది 25,000 వోల్టులే.

ఆ ప్రోటాన్లు తిరిగి లోపలికి రావడానికి ఒక దారి ఉంది. ఏటీపీ సింథేజ్ అనే ప్రోటీన్ యంత్రం. ప్రోటాన్లు దూరుతుంటే దానిలో ఒక భాగం నిజంగానే గుండ్రంగా తిరుగుతుంది. ఒక చుట్టుకు మూడు ఏటీపీలు తయారవుతాయి. పొరకు అటూ ఇటూ ఉన్న ప్రోటాన్ల తేడాయే మూలమని పీటర్ మిచెల్ 1961లో చెప్పినప్పుడు చాలామంది ఒప్పుకోలేదు; 1978లో ఆయనకు నోబెల్ వచ్చింది. యంత్రం తిరగడాన్ని జపాన్ శాస్త్రవేత్తలు 1997లో సూక్ష్మదర్శినిలో కళ్లారా చూశారు. దానికి మెరిసే పోగు ఒకటి అతికించి ఏటీపీ పోస్తే, ఆ పోగు గిరగిరా తిరిగింది.

ఇప్పుడు స్టేషన్‌కు తిరిగి వద్దాం. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం పొడవు 1,072 మీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనది. బండి కదలబోతోంది, మీ పెట్టె ఆ చివర ఉంది, పరుగెత్తారు. కండరంలో ముందే ఉన్న ఏటీపీ రెండు మూడు క్షణాలకే చాలుతుంది. వెంటనే ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేట్‌ను ఇచ్చి దాన్ని నిలబెడుతుంది. దాని నిల్వ ఏటీపీకి మూడు నాలుగు రెట్లు. పది క్షణాల దాకా, అంటే మనలాంటి వాళ్లకు యాభై అరవై మీటర్ల దాకా అది ఆదుకుంటుంది. ఆ తరవాత ఆక్సిజన్‌తో పనిలేకుండా గ్లూకోజ్‌ను సగంలో విరిచే దారి ముందుకొస్తుంది. త్వరగా పనిచేస్తుంది కానీ గ్లూకోజ్‌కు రెండే ఏటీపీలు. మైటోకాండ్రియాలు ముప్పై దాకా ఇస్తాయి. కాకపోతే వాటికి ఊపిరి అందాలి, అవి పూర్తి జోరు అందుకునేసరికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. అందుకే రెండు వందల మీటర్ల దగ్గర కాళ్లు బరువెక్కుతాయి, ఎవరైనా అడుగు నెమ్మది చేస్తారు.

పెట్టెలో కూర్చున్నాక కూడా కాసేపు రొప్పుతూనే ఉంటాం. అప్పుడు పీల్చే ఆక్సిజన్‌లో కొంత, పరుగు మొదటి పది క్షణాల్లో ఖర్చయిన ఫాస్ఫోక్రియాటిన్‌ను మళ్లీ నింపడానికే. సగం నిల్వ అర నిమిషంలోనో, కాస్త అటూ ఇటూగానో తిరిగి వస్తుంది. మిగతాది నిండడానికి మూడు నాలుగు నిమిషాలు చాలు.