మడ్‌గార్డు మీద కూర్చోవద్దు

సెలవుల్లో ఊరెళ్తే, తొలి వానలకు పొలం దున్నే ట్రాక్టరు ఎక్కాలని మీకు ఉబలాటంగా ఉంటుంది. ట్రాక్టరుకు ఉన్నది ఒకటే సీటు, అది నడిపేవారిది. తాతయ్య ముద్దుగా రమ్మన్నా గట్టు మీదే ఉండండి. మడ్‌గార్డు మీద కూర్చున్నవారు కుదుపుకు జారితే పడేది వెనక చక్రం కిందో, డిస్క్ హారో ముందో. మట్టిగడ్డలు కోసే ఉక్కు పళ్లాల వరుస అది. బ్రేకు వేసేలోగా అంతా అయిపోతుంది.

మలుపులో హారోను పైకెత్తి తిప్పుతారు. అలా ఎత్తి ఉన్నప్పుడు చూడటానికి కదలకుండా ఉంటుంది కానీ, దాన్ని నిలబెట్టింది హైడ్రాలిక్ నూనె ఒత్తిడే. లీవరుకు చెయ్యి తగిలినా, గొట్టం పగిలినా దిగిపోతుంది. పళ్లాలకు చుట్టుకున్న గడ్డి తీయాలంటే ముందు హారోను నేలకు దించాలి, ఇంజను ఆపాలి, తాళంచెవి జేబులో వేసుకోవాలి. ఆ తర్వాతే దగ్గరికి వెళ్లాలి.