ఆసుపత్రిలో నిప్పు రేగినప్పుడు – మొదటి ఐదు నిమిషములు



ఇల్లు అంటుకొనినప్పుడు మనుష్యుడు బయటికి పరుగెత్తును. ఆసుపత్రి అంటుకొనినప్పుడు రోగి పరుగెత్తలేడు. అతని చేతికి సెలైను ఉన్నది, కాలికి కట్టు ఉన్నది, కొందరికి తెలివియే లేదు. అతనికి కాళ్లు మనమే. మన కుటుంబములలో స్టాఫ్ నర్సులుగా, ఆయాలుగా, వార్డు బాయిలుగా, ల్యాబులలోను, పారిశుధ్య పనిలోను, గేటు కాపలాలోను ఉన్నవారు అనేకులు గనుక ఈ పాఠము వారి కొరకు వ్రాయబడినది. ఆసుపత్రికి తోడుగా వెళ్లువారు కూడ దీనిని చదివి దాచుకొనదగును.

ఈ పాఠములో ముఖ్యముగా నేర్చుకొనవలసినది ఒక్కటే. ఫైరింజను వచ్చువరకు గల మొదటి కొద్ది నిమిషములు వార్డులో ఉన్నవారి చేతిలోనివి. ఆ నిమిషములలో కొత్తగా ఆలోచించుటకు వ్యవధి ఉండదు. ముందుగా అభ్యాసము చేసినదే చేతికి వచ్చును.

1. ఆసుపత్రి మంట వేరు

మొదటిది, ఆక్సిజన్. మనము పీల్చు గాలిలో ఆక్సిజన్ నూటికి 21 పాళ్లు మాత్రమే. ఆక్సిజన్ తానుగా మండదు గాని ఇతర వస్తువులను వేగముగా మండించును. ముసుగుల నుండి, గొట్టముల నుండి అది బయటికి వచ్చి గదిలో ఎక్కువైనప్పుడు, మామూలుగా నెమ్మదిగా అంటుకొను దుప్పటి, పరుపు, వెంట్రుకలు సహితము భగ్గున మండును.

రెండవది, పొగ. ఫోము పరుపులు, రెక్సిన్, ప్లాస్టిక్ గొట్టములు, కరెంటు తీగలు కాలినప్పుడు విషపు పొగ పుట్టును. అందులోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. మంట చేరకముందే అది మనిషిని పడవేయును.

మూడవది, రాత్రి. రాత్రి డ్యూటీలో మనుష్యులు తక్కువ, చీకటి ఎక్కువ, రోగులు నిద్రలో ఉందురు.

2. జరిగిన మూడు సంగతులు

కోల్‌కతా, 2011 డిసెంబరు 9. ధాకురియాలోని ఆమ్రి ఆసుపత్రిలో తెల్లవారుజామున నేలమాళిగలో నిప్పు పుట్టెను. కార్లు నిలుపవలసిన ఆ చోట సామానులు నింపియుండిరి. పొగ ఏసీ గొట్టముల ద్వారా పై అంతస్తులకు ఎక్కెను. కిటికీలు అద్దములతో బిగించినవి. 90 మందికి పైగా మరణించిరి. వారిలో ఎక్కువమంది మంట తగిలి కాదు, ఊపిరాడక పోయిరి. పొగ చూచి సహాయము చేయవచ్చిన ఇరుగుపొరుగు బస్తీవారిని మొదట గేటులోనికి రానియ్యలేదు. అగ్నిమాపక దళమునకు కబురు ఆలస్యముగా చేరెను.

ఆ రాత్రి కేరళ నుండి వచ్చిన ఇద్దరు యౌవన నర్సులు ఆడవారి వార్డులోని ఎనిమిది మందిని బయటికి చేర్చి, తొమ్మిదవ రోగి కొరకు వెళ్లి తిరిగి రాలేదు. వారి ప్రేమను మనము గౌరవింపవలెను. అయితే ఒక సంగతి గమనించుడి. సామానులు నింపిన నేలమాళిగ, ఆలస్యమైన కబురు, మూసిన గేటు అను ఈ మూడింటి భారము చివరకు ఆ ఇద్దరి భుజముల మీద పడినది. నర్సులకు అట్టి స్థితి రాకుండ చేయుటకే ముందు ఏర్పాటు కావలెను.

భువనేశ్వర్, 2016 అక్టోబరు 17. సమ్ ఆసుపత్రిలో సాయంకాలము మొదటి అంతస్తులో మంట లేచెను. అచ్చట డయాలసిస్ వార్డును ఐసీయూను ఉన్నవి. కిటికీ అద్దములు పగులగొట్టి రోగులను దింపవలసి వచ్చెను. 20 మందికి పైగా మరణించిరి. మిగిలినవారిని క్యాపిటల్ ఆసుపత్రి, ఎయిమ్స్ మొదలైన చోట్లకు తరలించిరి. మన రోగులను ఏ ఆసుపత్రి చేర్చుకొనునో ముందే మాటలాడుకొనవలెనని దీనివలన నేర్చుకొందము.

భండారా, మహారాష్ట్ర, 2021 జనవరి 9. ప్రభుత్వ జిల్లా ఆసుపత్రిలోని నవజాత శిశువుల విభాగములో అర్ధరాత్రి దాటిన తరువాత నిప్పు పుట్టెను. నర్సు తలుపు తెరచునప్పటికి గది పొగతో నిండియున్నది. 17 మంది శిశువులలో 10 మంది చనిపోయిరి. ప్రక్క విభాగములోని ఏడుగురు రక్షింపబడిరి. ఒక్క గోడ, ఒక్క తలుపు ఎంత భేదము కలుగజేయునో చూడుడి. 2024 నవంబరు 15 రాత్రి ఝాన్సీ వైద్య కళాశాల ఆసుపత్రిలో మరల అట్టి శిశువుల వార్డులోనే మంట లేచి, ఆ రాత్రియే 10 మంది పసివారు పోయిరి.

3. ముందుగా చేయవలసినవి

డ్యూటీకి వచ్చిన వెంటనే ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు తెలిసియుండవలెను. బయటికి రెండు దారులు ఏవి? మంటలార్పు సిలిండరు ఎక్కడ ఉన్నది? వార్డుకు ఆక్సిజన్ ఆపు వాల్వు ఎక్కడ ఉన్నది? ఈ రోజు నడువలేని రోగులు ఎందరు?

మెట్ల మీద పాత మంచములు, అట్టపెట్టెలు ఉంచకూడదు. రెండవ తలుపుకు తాళము వేసి తాళపుచెవి మరియొకరి జేబులో ఉంచకూడదు. దొంగతనము భయమైతే లోపలి నుండి తాళపుచెవి లేకుండ తెరుచుకొను గడియ పెట్టించుడి. పొగను ఆపు తలుపులకు ఇటుక అడ్డము పెట్టి తెరచి ఉంచకూడదు.

ఏసీలు, వార్మర్లు రేయింబగళ్లు తిరుగును. ప్లగ్గు వేడెక్కినను, కాలిన వాసన వచ్చినను, దీపము మినుకుమినుకుమన్నను, ఆ యంత్రము ఆపి రిజిస్టరులో తేదీతో వ్రాయుడి. నోటిమాట మరచిపోబడును, వ్రాత నిలిచియుండును. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు అనేక యంత్రములు తగిలించకూడదు. స్పిరిటు, శానిటైజరు డబ్బాలు ఆక్సిజన్ దగ్గర ఉంచకూడదు.

ఆరు నెలలకొకసారియైన అందరు కలిసి అభ్యాసము చేయవలెను, అందులో ఒకటి రాత్రి డ్యూటీలో జరుగవలెను. కాంట్రాక్టు పనివారిని, ఆయాలను, కాపలాదారులను విడిచి నర్సులకు మాత్రమే నేర్పుట చాలదు. పొగను మొదట చూచునది తరచుగా వారే.

4. నిప్పు కనబడగానే – నాలుగు మాటలు

రక్షించు, తెలుపు, మూయి, ఆర్పు. ఈ నాలుగు మాటలు కంఠస్థము చేయుడి.

రక్షించు: మంటకు దగ్గరగా ఉన్న రోగిని మొదట దూరము చేయుడి.

తెలుపు: అదే సమయములో రెండవవారు అలారం నొక్కి, 101కి గాని 112కి గాని ఫోను చేసి, ఆసుపత్రి పేరు, అంతస్తు, వార్డు చెప్పవలెను. “మొదట మనమే ఆర్పుదము, పెద్దలు కోపపడుదురేమో” అని తడవు చేయకూడదు. ఫైరింజనును పిలుచుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. కేకలు వేయక, ఆ ఊరి భాషలో స్పష్టముగా చెప్పవలెను. కన్నడము, తమిళము, ఒడియా, మరాఠీ బాగుగా వచ్చినవారు ప్రతి డ్యూటీలోను ఈ పనికి నియమింపబడవలెను.

మూయి: మంట ఉన్న గది తలుపు మూయుడి. ఇది చిన్న పనిగా తోచును గాని పొగను నిలుపుటకు దీనికి మించినది లేదు. ఏసీని ఆపించుడి. ఆక్సిజన్ వాల్వును డ్యూటీ ఇన్‌చార్జి చెప్పినప్పుడు మూయవలెను. ఆక్సిజన్ మీద ఉన్నవారికి అంబు బ్యాగు గాని చిన్న సిలిండరు గాని అందించుట మరువకూడదు.

ఆర్పు: మంట చెత్తబుట్టంత చిన్నదై, మీ వెనుక దారి తెరచియున్నప్పుడే ఆర్పుటకు ప్రయత్నించుడి. పిన్ను లాగి, గొట్టమును మంట మొదలు వైపు త్రిప్పి, పిడి నొక్కి, అటు ఇటు ఊపవలెను. చిన్న సిలిండరు కొన్ని సెకన్లలోనే ఖాళీ అగును. కరెంటు మంట మీద నీళ్లు పోయకూడదు. దానికి కార్బన్ డయాక్సైడు గాని పొడి గాని ఉన్న సిలిండరు వాడవలెను.

5. రోగులను తరలించు క్రమము

మొదట మెట్లు దిగనక్కరలేదు. అదే అంతస్తులో, మూసిన తలుపులకు ఆవలనున్న ప్రక్క వార్డులోనికి చేర్చుడి. అక్కడికి పొగ వచ్చు సూచన ఉన్నయెడల అప్పుడు క్రిందికి దింపుడి. లిఫ్టు ఎక్కకూడదు.

మంటకు దగ్గరనున్నవారి తరువాత, నడువగలవారిని ఒక మనిషి వెంట వరుసగా పంపుడి. ఒక్కరి సహాయముతో అనేకులు బయటపడుదురు. పిమ్మట చక్రాల కుర్చీవారు, ఆ తరువాత మంచము మీద ఉన్నవారు. స్ట్రెచరు లేకపోయిన యెడల రోగిని దుప్పటి మీద నేలకు దించి, తలవైపు పట్టుకొని లాగుడి; బలము తక్కువైన వారును ఈలాగు ఒక రోగిని తీసికొనిపోగలరు. శిశువులను చేతికి పేరు పట్టీ ఉన్నదో లేదో చూచుకొని ఎత్తుకొనుడి. పొగలో వంగి, నేలకు దగ్గరగా కదలుడి.

పొగతో నిండిన గదిలోనికి ఒంటరిగా మరల వెళ్లకూడదు. ఇది కఠినమైన మాట. కాని పడిపోయిన నర్సు మరియొక రోగి అగును. లోపల ఎవరు ఏ మంచము మీద ఉన్నారో అగ్నిమాపక సిబ్బందికి చెప్పుట ఆ క్షణమున చేయగల గొప్ప సహాయము. అందుకే రోగుల పట్టిక చేత పట్టుకొని బయటికి రావలెను.

బయట ముందే నిర్ణయించిన చోట అందరిని లెక్కించుడి. గేటు తెరచి ఉంచి ఫైరింజనుకు దారి చూపుటకు ఒకరిని నిలుపుడి.

ఆలోచించి మాటలాడుకొనుడి

1. మీరు పనిచేయు వార్డులో రెండవ దారి నేడు తెరచియున్నదా?
2. రాత్రి డ్యూటీలో ఇద్దరే ఉన్నయెడల ఎవరు తలుపు మూయుదురు, ఎవరు ఫోను చేయుదురు?
3. మీ ఆసుపత్రిలో కడపటిసారి అభ్యాసము ఎప్పుడు జరిగినది? జరుగకపోయిన యెడల ఎవరిని వ్రాతమూలముగా అడుగవలెను?
4. రోగికి తోడుగా వెళ్లినవారు మొదటి రోజే చూచుకొనవలసిన రెండు సంగతులు ఏవి?

ఈ వారమే మొదటి ప్రశ్నకు మీ కండ్లతో చూచి జవాబు చెప్పుడి.