కారు నేర్చుకోవడం – ఖర్చు లెక్క

ఒకప్పుడు కారు నడపడం కొద్దిమందికే తెలిసిన విద్య. కారున్న పెద్ద ఇళ్లలో దానిని నడపడానికి జీతానికి ఒక డ్రైవరు ఉండేవాడు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన తరువాత మధ్యతరగతి యజమానులు తామే స్టీరింగు పట్టడం ఎక్కువయింది. నేడు సొంత కారు లేనివారికి సైతం ఈ విద్యతో అవసరం కలుగుతున్నది. ట్రావెల్స్‌లో ఉద్యోగానికైనా, అర్ధరాత్రి ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే పొరుగువారి కారులో ఆసుపత్రికి చేర్చడానికైనా ఇది అక్కరకు వస్తుంది. అయితే నెల జీతంతో గడిచే ఇంట్లో డ్రైవింగ్ స్కూలు రుసుము చిన్న మొత్తం కాదు. ఇంటి అద్దె, కళాశాల ఫీజు, బస్సు పాసు తీరిన తరువాతనే దాని వంతు.

ఖర్చు గురించి ఆలోచించే ముందు వయస్సు చూసుకోవాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం 18 సంవత్సరాలు నిండనివారు బహిరంగ ప్రదేశంలో కారు నడపరాదు. 2019లో ఈ చట్టాన్ని సవరించారు. దాని ప్రకారం మైనరు వాహనం నడిపి నేరానికి పాల్పడితే, తల్లిదండ్రులకు లేదా వాహన యజమానికి మూడేళ్ల వరకు జైలుశిక్ష, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. ఆ మైనరుకు 25 ఏళ్లు నిండేవరకు లైసెన్సు ఇవ్వరు. ఇంటర్మీడియట్ చదివే పిల్లవాడికి ముచ్చటపడి తాళంచెవి ఇచ్చే పెద్దలు ఈ సంగతి తెలుసుకోవాలి.

పద్దెనిమిదేళ్లు నిండి ఎల్.ఎల్.ఆర్. పొందినవారికి మొదట కనిపించే దారి డ్రైవింగ్ స్కూలు. ఇక్కడ చాలామంది బోర్డుపై రాసిన మొత్తాన్ని మాత్రమే పోల్చి చూస్తారు. ఒక స్కూలువారు 4,000 రూపాయలు అడిగి, ఇరవై ఒక్క రోజులపాటు రోజుకు అరగంట చొప్పున విద్యార్థి చేతనే కారు నడిపిస్తారనుకొందాం. మొత్తం పదిన్నర గంటలు. గంటకు సుమారు 380 రూపాయలు. మరొక స్కూలువారు 3,000 రూపాయలకే పదిహేను రోజులు, రోజుకు గంట నేర్పుతామంటారు. తీరా కారెక్కితే వెనుక సీటులో మరో ఇద్దరు విద్యార్థులుంటారు. గంటను ముగ్గురూ పంచుకొంటే ఒక్కొక్కరి వంతు ఇరవై నిమిషాలు. పదిహేను రోజులకు ఐదు గంటలు. గంటకు 600 రూపాయలు. వెయ్యి రూపాయలు ఆదా అయ్యాయని సంతోషించినవారే ఎక్కువ ధర చెల్లించినట్లయింది. కారు నేర్పే కోర్సు 21 రోజులకు, స్వయంగా నడిపే సమయం 10 గంటలకు తగ్గరాదని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నవి. ఫీజు కట్టే ముందు ఈ మాట అడగడంలో మొహమాటపడవలసినది ఏమీ లేదు.

స్కూలు కారులో బోధకుని వైపు కూడా క్లచ్, బ్రేకు అమర్చి ఉంటాయి. ప్రమాదం తప్పించేది ఆ ఏర్పాటే. కాని దానివల్ల ఒక చిక్కు కూడా ఉన్నది. విద్యార్థి స్టీరింగు తిప్పుతూ తనకు కారు వచ్చేసిందని మురిసిపోతూ ఉంటే, క్లచ్ నొక్కేదీ, బ్రేకు వేసేదీ బోధకుని కాళ్లే కావచ్చు. ఇలా నేర్చినవాడు మామూలు కారెక్కిన రోజున నాలుగు రోడ్ల కూడలిలో ఇంజను ఆపివేసి, వెనుక హారన్లు మోగుతుండగా చెమటలు కక్కుతాడు. మొదటి వారం గడిచాక, "అవసరమైతే తప్ప పెడళ్ల మీద కాలు పెట్టకండి సార్" అని వినయంగా అడగడం మంచిది. మంచి బోధకుడు దీనికి కోపగించుకోడు.

ఇక రెండవ దారి మేనమామదో, బాబాయిదో కారు. దీనికి పెట్రోలు ఖర్చు తప్ప మరొకటి ఉండదనిపిస్తుంది. కాని అందులో రెండవ బ్రేకు ఉండదు. ఓనమాలు దిద్దేవారికి ఇది తగిన పలక కాదు. తొలినాళ్లలో ఒక్కసారి గోడకు తగిలినా బంపరు, లైటు మార్చడానికి స్కూలు రుసుముకు మించిన ఖర్చు కావచ్చు. చుట్టరికంలో వచ్చే మాట పట్టింపు వేరు. ఎల్.ఎల్.ఆర్. ఉన్నవారి పక్కన పూర్తి లైసెన్సు గలవారు, బండిని ఆపగలిగే విధంగా కూర్చొని ఉండాలి. కారుకు ముందూ వెనుకా తెల్లని పలకపై ఎర్రని 'ఎల్' అక్షరం ఉండాలి. ఈ నియమాలు పాటించకపోతే ప్రమాదం జరిగినపుడు బీమా సంస్థ పేచీ పెట్టవచ్చు.

2021 జులై 1 నుండి అమలులోకి వచ్చిన నిబంధనలతో గుర్తింపు పొందిన డ్రైవరు శిక్షణ కేంద్రాలు మూడవ దారి అయ్యాయి. వాటిలో కారు కోర్సు 29 గంటలు. అందులో 21 గంటలు నడిపే అభ్యాసమే. అక్కడ ఉత్తీర్ణులైనవారికి ఆర్.టి.ఓ. కార్యాలయంలో మళ్లీ డ్రైవింగ్ పరీక్ష ఉండదు. దగ్గరలో ఉంటే విచారించదగినవే గాని, అవి ప్రతి ఊరిలోనూ లేవు.

సామాన్య కుటుంబానికి మొదటి రెండు దారులనూ కలపడమే గిట్టుబాటు. క్లచ్, గేర్లు, రద్దీలో నడక స్కూలు కారులో పది గంటలు నేర్చి, ఆపైన ఆదివారాలు ఉదయం బాబాయిని పక్కన కూర్చోబెట్టుకొని సాధన చేయవచ్చు. ఎల్.ఎల్.ఆర్. ఆరు నెలలు చెల్లుతుంది. ముప్పై రోజులు గడిస్తే గాని పరీక్షకు పోనివ్వరు. ఆ వ్యవధిలో రివర్సు, ఎత్తు రోడ్డుపై ఆపిన కారును వెనక్కు జారకుండా కదిలించడం చేతికి అలవాటు కావాలి. పరీక్షకు కారును అభ్యర్థియే తెచ్చుకోవలసి ఉంటుంది. స్కూలు కారు ఆ రోజుకు రుసుములోనే ఇస్తారో, వేరే అద్దె అడుగుతారో చేరే రోజుననే తేల్చుకొంటే చివరిలో చేతి డబ్బు వెదుక్కొనే పని ఉండదు.