తేలు కుట్టింది దొంగకు కాదు

ఆమె నా బల్ల మీద పెట్టింది ఫోను కాదు, కొలతల పుస్తకం. ఖమ్మంలో ఇంటి ముందు గదిలోనే మిషను వేసుకుని జాకెట్లు కుడుతుంది. పుస్తకంలో ఎడమవైపు పేజీల్లో ఛాతీ, నడుము, చేతి పొడవు, మెడ లోతు. కుడివైపు ఖాళీగా ఉండాల్సిన ఒక పేజీలో మాత్రం అదే పెన్సిలుతో వేరే లెక్క: టాస్కు 1, పంపింది 1,000, వచ్చింది 1,300. టాస్కు 2, పంపింది 3,000, వచ్చింది 3,900. ఆ కింద మూడు వరుసల్లో పోయిన అంకెలే ఉన్నాయి, వచ్చిన అంకె లేదు. పది వేలు, ఇరవై ఎనిమిది వేలు, నలభై ఐదు వేలు. మొత్తం 83,000. ఎంబ్రాయిడరీ మిషను కొందామని పాడుకున్న చీటీ డబ్బు.

వెంట వచ్చిన తమ్ముడు దారి పొడవునా అంటూ వచ్చిన మాటే నా ముందూ అన్నాడు. "నువ్వే పంపావు గదక్కా. ఎవరన్నా మెడ మీద కత్తి పెట్టి గుంజుకున్నారా?"

ఆమె పుస్తకం అంచు సరిచేస్తూ కూర్చుంది. లాయరుగా నా దగ్గరికి ఇలాంటి కేసు ఏది వచ్చినా, వెంట వచ్చిన భర్తో కొడుకో తమ్ముడో ఈ ప్రశ్న అడగక మానరు. స్టేషన్లో ఎవరో ఒకరు అడుగుతారు, బ్యాంకు కౌంటరు దగ్గరా అడుగుతారు. ముందు దీనికి జవాబు చెప్పి తర్వాత మిగతా విషయాలకు వెళ్దాం.

దొంగ మనకు తెలియకుండా తీసుకుంటాడు. మోసగాడు మన చేత్తోనే ఇప్పించుకుంటాడు. చట్టం ఈ రెండు నేరాల మధ్య గీసిన గీత అదే. మనం తిట్టుగా వాడుకునే ఫోర్‌ట్వంటీ, అంటే పాత ఐపీసీ 420, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ అయింది. శిక్ష ఏడేళ్ల దాకా ఉంటుంది, జరిమానా దానికి అదనం. అబద్ధం చెప్పి, దురుద్దేశంతో ఒక మనిషిని ప్రేరేపించి, ఆ మనిషి చేతే సొమ్ము ఇప్పించుకోవడం ఆ నేరానికి ప్రాణం. అంటే 'నువ్వే పంపావు' అన్నది ఆమె మీద వేసే నేరం కాదు, అవతలివాడి మీద నేరం రుజువు కావడానికి కావలసిన మొదటి ముక్క. ఆమె పంపకపోతే అసలు ఈ సెక్షనే వర్తించదు. బాధితురాలు తెలివైనదా, ఆశపోతా అని ఆ నిర్వచనంలో ఎక్కడా అడగలేదు. కంప్యూటరో ఫోనో వాడి, వేరే మనిషిగా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి కూడా పడుతుంది. దానికి మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా.

అయితే ఆమె ఎందుకు పంపింది?

మొదటి రోజు వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. ఇంట్లోనే ఉండి పని, మ్యాపులో హోటళ్లకు ఫైవ్‌స్టార్ రేటింగ్ ఇస్తే ఒక్కోదానికి యాభై రూపాయలు. మూడింటికి ఇచ్చింది. అరగంటలో 150 రూపాయలు అకౌంట్లో పడ్డాయి. సాదా జాకెట్టు ఒకటి కత్తిరించి, కుట్టి, హుక్కులు వేసి, ఇస్త్రీ చేసి ఇస్తే ఆమెకు వచ్చే కూలి అంతే. మోసగాడు డబ్బు అడుగుతాడని మనందరికీ తెలుసు. ముందుగా వాడే మనకు డబ్బు ఇస్తాడని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ నూటయాభైని వాళ్లు ఖర్చు కింద రాసుకుంటారు, మనం నమ్మకం కింద రాసుకుంటాం.

తర్వాత టెలిగ్రామ్ గ్రూపులోకి లాగారు. అందులో ఆరుగురు. ఒకతను తనకు 38 వేలు వచ్చాయని స్క్రీన్‌షాట్ పెడతాడు. ఇంకొకామె, మా ఆయనకు చెప్పకుండా చేశాను, ఇప్పుడు గాజులు కొనుక్కున్నాను అంటుంది. ఈ రెండో మనిషి మా క్లయింటుకు బాగా నచ్చింది. ఆరుగురిలో ఈమె తప్ప అందరూ ఒకే ముఠా. ఒక్కోసారి ఆ ఐదుగురూ ఐదు ఫోన్లు పట్టుకున్న ఒకే మనిషి. కూరగాయల దగ్గరైనా మనం నలుగురు నిలబడ్డ బండి దగ్గరికే వెళ్తాం. వాళ్లు ఆ నలుగురినీ తయారుచేసి నిలబెడతారు, అంతే తేడా.

మూడో టాస్కు దగ్గర 'కాంబో' అన్నారు. మూడూ పూర్తిచేస్తేగానీ డబ్బు బయటకు తీయడం కుదరదట. పది వేలు కట్టింది. అది చేతికి రావాలంటే ఇరవై ఎనిమిది కట్టాలన్నారు, కట్టింది. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలని మన పెద్దలు చెప్పిన మాట ఉంగరం పడిపోయినప్పుడు పనికొస్తుంది. ఇక్కడ ఆ మాట మీదే వాళ్ల వ్యాపారమంతా నడుస్తోంది.

నలభై ఐదు వేల సంగతి వేరు. అది ఆమె తమ్ముడికి కూడా చెప్పలేదు. అతను టీ చెప్పి వస్తానని కిందికి దిగినప్పుడు నాకు చెప్పింది. తప్పు బటను నొక్కావు, నీ వల్ల గ్రూపులో అందరి డబ్బూ ఆగిపోయింది అన్నారట. ఒకామె ఏడుపు బొమ్మలు పెట్టి, మా బాబు ఫీజు డబ్బులక్కా, నువ్వు కట్టేస్తే నా డబ్బు వదులుతారు అని వేడుకుందట. ఆ చివరి మొత్తం ఆమె పంపింది ఆశతో కాదు, తన తప్పుకి ఇంకొకరి పిల్లాడి ఫీజు ఆగిపోతుందని. పేపర్లో వార్త వస్తే మాత్రం 'అత్యాశకు పోయి' అనే రాస్తారు.

ఆశ పారని చోట భయం పారుతుంది. చదువుకున్న రిటైర్డు ఉద్యోగులు, డాక్టర్లు కూడా వీడియో కాల్‌లో యూనిఫాం చూసి 'డిజిటల్ అరెస్టు' అంటే నమ్మారు. మన చట్టంలో అలాంటి అరెస్టు లేదు. అరెస్టు చేసే అధికారి ఎదురుగా ఉండాలి, పేరు కనిపించేలా గుర్తింపు పెట్టుకోవాలి, కారణం చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. హాజరు కమ్మని భారతీయ నాగరిక సురక్షా సంహిత 35వ సెక్షన్ కింద పోలీసులు ఇచ్చే నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. ఈ డిజిటల్ అరెస్టుల మోసాలను తనంతట తానే విచారణకు తీసుకుని, అదే ఏడాది డిసెంబరులో దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. దాని గురించి ఇంకోసారి వివరంగా రాస్తాను.

మళ్లీ మా క్లయింటు దగ్గరకు. ఆ ముఠా సైటులో ఆమె పేరు మీద 1,36,000 కనిపిస్తోంది. అది ఇవ్వాలంటే ముప్పై శాతం పన్ను, 40,800, ముందు కట్టమన్నారు. ఇచ్చే సొమ్ములోంచి పన్ను కోసుకుని మిగతాది ఇవ్వడం మన దగ్గర పద్ధతి. ఎవరిదో యూపీఐకి ముందు పన్ను పంపితే తర్వాత డబ్బు వస్తుందంటే అది పన్ను కాదు. ఆ నలభై వేల కోసం గాజులు తాకట్టు పెడదామని తమ్ముణ్ని అడిగింది. అప్పుడుగానీ విషయం బయటపడలేదు. అప్పటికి చివరిసారి డబ్బు పంపి ఆరు రోజులైంది.

ఈ ఆరు రోజులే నన్ను బాధపెట్టాయి, ఆ 83 వేల కన్నా. దొంగకు తేలు కుట్టినట్టు అంటాం, పైకి అరవలేక పళ్లు బిగబట్టేవాణ్ని చూసి. ఇక్కడ దొంగ హాయిగా ఉన్నాడు. తేలు కుట్టిన మనిషి దొంగ కాదు, అయినా నోరు మెదపలేదు. ఆయన తిడతాడు, అత్తగారికి తెలుస్తుంది, చీటీ వాళ్లు నవ్వుతారు. ఆ సిగ్గు మోసగాళ్లకు ఆరు రోజుల గడువు ఇచ్చింది.

డబ్బు వెళ్లే దారి తెలిస్తే గడువు విలువ అర్థమవుతుంది. ఆమె పంపినది ముందు ఎవరో అద్దెకిచ్చిన అకౌంట్లో పడుతుంది. అక్కడి నుంచి నిమిషాల్లో నాలుగైదు అకౌంట్లకు చీలుతుంది, ఏటీఎంలో నోట్లవుతుంది, లేదా క్రిప్టోగా మారి దేశం దాటుతుంది. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే ఫిర్యాదు పోలీసుల నుంచి నేరుగా బ్యాంకులకు చేరి, డబ్బు ఏ అకౌంట్లో ఉంటే అక్కడ ఆపుతారు. మొదటి గంటలో చేసే ఫోనుకు, ఆరో రోజు చేసే ఫోనుకు తేడా అదే. ఆ ఫోనులో మీరు చెప్పాల్సింది కథ కాదు. మీ అకౌంటు నంబరు, మొత్తం, సమయం, యూపీఐ రసీదులో ఉండే పన్నెండు అంకెల యూటీఆర్ నంబరు. మా క్లయింటు పుస్తకంలో తేదీలు, మొత్తాలు ఉన్నాయి, యూటీఆర్‌లు లేవు. అవి ఆమె ఫోనులో వెతికి తీయడానికి మా జూనియర్‌కి ఇరవై నిమిషాలు పట్టింది. 1930 దొరకకపోతే cybercrime.gov.in అని కొట్టినా అదే ఫిర్యాదు అవుతుంది. ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి, తర్వాత ప్రతి చోటా అదే అడుగుతారు.

టెలిగ్రామ్‌లో చాట్‌ను అవతలివాడు రెండు వైపులా చెరిపేయగలడు. అందుకని వాడికి అనుమానం రాకముందే, తిట్టకముందే, స్క్రీన్‌షాట్లు తీయండి. కోపంతో మీరే బ్లాక్ చేసి, చాట్ డిలీట్ చేసి, అప్పుడు లాయరు దగ్గరకు వస్తే నేను చేయగలిగింది తగ్గిపోతుంది. ఆ ఫోను కూడా అమ్మకండి, ఫార్మాట్ చేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి, అసలు పరికరం చేతిలో ఉంటే అది తేలిక.

స్టేషన్లో "ఇది మా పరిధి కాదు" అంటే ఒప్పుకోవద్దు. నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ కింద నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఆన్‌లైన్లో పంపినా తీసుకోవాలి, మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి, ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో రాయండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు ఉన్నారు. మోసపు మెసేజ్ మీకు అందిన ఊరి కోర్టుకు కూడా విచారించే అధికారం ఉంది. వాడు ఏ రాష్ట్రంలో కూర్చున్నా మీరు అక్కడికి తిరగనక్కర్లేదు.

ఇక బ్యాంకు సంగతి. ఇక్కడ నేను తియ్యటి మాటలు చెప్పలేను. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న తెచ్చిన నియమాల ప్రకారం, మన తప్పు లేకుండా, మనం పంపకుండా అకౌంట్లోంచి డబ్బు పోతే, బ్యాంకు సమాచారం ఇచ్చిన మూడు పనిదినాల్లో మనం చెబితే నష్టమంతా బ్యాంకుదే. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే మన వాటాకు పరిమితి ఉంటుంది. ఓటీపీ మనమే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసే దాకా పోయినది మనది, తెలియజేశాక పోయేది బ్యాంకుది. కానీ ఈమెలా మనమే పిన్ను కొట్టి పంపితే ఆ రక్షణ కిందికి రావడం కష్టం. ఒకే పనిని క్రిమినల్ చట్టం మోసం అంటుంది, బ్యాంకు రూలు నువ్వు చేసిన చెల్లింపు అంటుంది. ఈ రెండింటి మధ్యే బాధితులు నలిగిపోతున్నారు. నా మట్టుకు నాకు ఇది న్యాయంగా లేదు. అయినా ఫిర్యాదు అందాక బ్యాంకు కదలకపోతే అది వేరే తప్పు. రాతపూర్వకంగా ఇచ్చి, ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, ఫీజు లేదు.

ఆగిన డబ్బు దానంతటదే వెనక్కి రాదు, చాలాసార్లు కోర్టు ఉత్తర్వు కావాలి. దానికి నాగరిక సురక్షా సంహిత 503వ సెక్షన్ కింద దరఖాస్తు వేస్తాం. తెలంగాణలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో, న్యాయసేవాధికార సంస్థతో కలిసి లోక్ అదాలత్‌ల ద్వారా ఈ డబ్బులు ఇప్పిస్తోంది, అక్కడ పని త్వరగా తెములుతోంది. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ఇచ్చిన హక్కు. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ సంస్థ ఆఫీసు ఉంటుంది, ఫోను 15100. నా ఫీజు భయంతో వారం ఆగేవాళ్లకు ఈ మాట నేనే చెబుతుంటాను.

ఇంకొక హెచ్చరిక. మోసపోయామని ఎక్కడైనా పోస్టు పెడితే, డబ్బు వెనక్కి తెప్పిస్తాం అంటూ 'సైబర్ లాయర్లు' వాలతారు. ఫైలు ఖర్చు 4,999 అంటారు. వీళ్లు మొదటి ముఠాకు చుట్టాలే. 1930కి గానీ, ఎఫ్ఐఆర్‌కి గానీ ఫీజు లేదు.

తమ్ముడికి కూడా ఒక మాట చెప్పాను. అతను డిగ్రీ ఫైనలియర్. కాలేజీలో ఎవరో, కరెంటు అకౌంటు తెరిచి ఏటీఎం కార్డు, సిమ్ము ఇస్తే నెలకు కొంత ఇస్తామన్నారట. అక్క డబ్బు మొదట పడింది అలాంటి కుర్రాడి అకౌంట్లోనే. పోలీసులు ముందు తట్టేది ఆ కుర్రాడి తలుపు. నాకు తెలియదు, అద్దెకిచ్చాను అంటే బెయిలు వాదనలో పనికొస్తుందేమో గానీ కేసు మాత్రం తప్పదు. తెరకు అవతల ఉన్నవాళ్లందరూ ఇష్టపడి చేరినవాళ్లని కూడా అనుకోకండి. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన వ్యవహారంలో, డేటా ఎంట్రీ ఉద్యోగమని మన తెలుగు కుర్రాళ్లను కంబోడియా తీసుకెళ్లి ఇలాంటి మోసాలే బలవంతంగా చేయించారు. ఆ గ్రూపులో ఏడుపు బొమ్మలు పెట్టినామె ఎవరో, ఎక్కడ కూర్చుని పెట్టిందో మనకు తెలియదు.

ఆ సాయంత్రమే ఫిర్యాదు నమోదైంది. ఆరు రోజుల తర్వాత కూడా ఒక అకౌంట్లో 9,700 దొరికి ఆగింది. లోక్ అదాలత్‌కి కాగితాలు సిద్ధం చేస్తున్నాం.

పుస్తకం మా దగ్గరే ఉంచమ్మా అన్నాడు మా జూనియర్. ఆమె మొదటిసారి గట్టిగా మాట్లాడింది. "ఎట్లా కుదురుద్ది సార్? బతుకమ్మకి ఇవ్వాల్సిన పన్నెండు జాకెట్ల కొలతలు ఇందులోనే ఉన్నాయి." తమ్ముడు కిందికి వెళ్లి కుడివైపు పేజీ ఒక్కటే జిరాక్సు తీయించుకొచ్చాడు.