చెయ్యి దించడం కూడా గురిలో భాగమే

2018లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పదమూడేళ్ల వయసులో పిస్టల్ షూటింగ్‌లో జాతీయ సీనియర్ టైటిల్ గెలిచింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ కాంస్యం తెచ్చింది. అప్పటినుంచి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటామని రేంజికి వచ్చేవాళ్లు బాగా పెరిగారు. జిల్లా, రాష్ట్ర పోటీల్లో దిగాలనుకునేవారికి, వాళ్ల తల్లిదండ్రులకు నా అనుభవంలోంచి కొన్ని మాటలు.

1. ముందు రేంజి, తరువాతే పిస్టల్

కొత్తగా వచ్చినవాళ్లు మొట్టమొదట అడిగేది "సార్, ఏ పిస్టల్ కొనమంటారు?" అనే. మోరిని, స్టేయర్, పార్దిని, వాల్తర్... పేర్లన్నీ ముందే తెలుసుకుని వస్తారు. పోటీ పిస్టల్ ధర లక్ష దాటుతుంది. అందుకని కొన్ని నెలలు రేంజి పిస్టల్‌తోనే కాల్చండి. మీ అరచేతికి ఏ సైజు గ్రిప్ కుదురుతుందో అప్పటిగ్గానీ తెలియదు. వాడిన పిస్టల్ కొంటుంటే గాలి సిలిండర్ మీద తయారీ తేదీ తప్పకుండా చూడండి. గడువు తీరిన సిలిండర్ ప్రమాదం.

2. ఖాళీ పిస్టల్ అనేది లేదు

గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. కాల్చనప్పుడు గొట్టంలో పెల్లెట్ లేదని చూపే సేఫ్టీ ఫ్లాగ్ పెట్టి ఉంచాలి. ఎవరైనా ఫైరింగ్ లైను దాటి ముందుకు వెళ్తే మిగతావాళ్లెవరూ పిస్టల్ ముట్టకూడదు. "స్టాప్" అన్న మాట వినపడితే, వేలు ట్రిగ్గర్ మీదున్నా సరే, ఆగిపోవాలి. ఈ విషయంలో చిన్నా పెద్దా తేడా లేదు, మొహమాటం అసలే లేదు.

3. చెయ్యి కదులుతుంది, కదలనివ్వండి

అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం ఇదే. ఒక్క చేత్తో కిలో బరువున్న పిస్టల్ చాచి పట్టుకుంటే ఎవరి చెయ్యయినా ఊగుతుంది, ఒలింపిక్ పతక విజేతదైనా సరే. కొత్తవాళ్లు ఆ ఊగడం చూసి కంగారుపడతారు. సైటు నల్లటి వలయం కింద సరిగ్గా కుదిరిన క్షణం చూసి "ఇప్పుడే!" అని ట్రిగ్గర్ గుంజేస్తారు. అసలు నష్టం జరిగేది అక్కడే.

లెక్క చూడండి. టార్గెట్‌లో పది వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లు, దాని అంచు గీతను తాకినా పదే ఇస్తారు. పిస్టల్ మీది ముందు, వెనక సైట్లు రెండూ ఒకే వరుసలో ఉండి, చెయ్యి మొత్తం అయిదు మిల్లీమీటర్లు పక్కకు జరిగిందనుకోండి, దెబ్బ కూడా అంతే జరుగుతుంది. అప్పటికీ పదే వస్తుంది. అదే మణికట్టు మెలిపడి ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు తిరిగితే, పది మీటర్ల దూరానికి అది దాదాపు మూడు సెంటీమీటర్లు అవుతుంది. పది కాస్తా ఏడుకో ఆరుకో పడిపోతుంది.

అందుకే చూపు ముందు సైటు మీదే నిలపాలి. అది స్పష్టంగా కనిపించాలి, టార్గెట్ మసకగా ఉన్నా ఫరవాలేదు. వెనక సైటు గాడిలో ముందు సైటుకు రెండు వైపులా వెలుతురు సమానంగా ఉందో లేదో చూసుకుంటూ ట్రిగ్గర్‌ను నిదానంగా, తిన్నగా వెనక్కి నొక్కాలి. రెండో కన్ను బిగించి మూయవద్దు, ముఖమంతా బిగుసుకుంటుంది. దానికి చిన్న అడ్డు పెట్టుకుంటే చాలు.

4. ఇంట్లో గోడే గురువు

పెల్లెట్ లేకుండా తెల్లగోడకు ఎదురుగా నిలబడి డ్రై ఫైరింగ్ చేయండి. టార్గెట్ ఉండదు, స్కోరు ఉండదు. ట్రిగ్గర్ తెగిన క్షణాన ముందు సైటు అదిరిందా, నిలబడిందా అన్నదొక్కటే కనిపిస్తుంది. రోజూ పావుగంట చేసేవాళ్లకు, ఆదివారం ఒక్కరోజే వచ్చి రెండు వందల పెల్లెట్లు కాల్చి వెళ్లేవాళ్లకు తేడా నేను దూరం నుంచే చెప్పగలను.

5. చెయ్యి దించడానికి ధైర్యం కావాలి

మ్యాచ్ అంటే 60 షాట్లు. 2018 నుంచి ఆడవాళ్లకూ అంతే, అంతకుముందు 40 ఉండేవి. ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద ఇచ్చే సమయం 75 నిమిషాలు. అంటే షాట్‌కు ఒకటింపావు నిమిషం. గురి మీద నిలిచేది ఎనిమిది, పది సెకన్లే కాబట్టి కావలసినంత సమయం మిగులుతుంది. అయినా ఎత్తిన చెయ్యి కాల్చకుండా దించడానికి చాలామందికి మనసొప్పదు. ఊపిరి అందక, సైటు మసకబారుతున్నా అలాగే కాల్చేస్తారు. "దించు నాన్నా, దించు" అని వెనకనుంచి మెల్లగా చెబుతుంటాను. సాధనలో అప్పుడప్పుడు కావాలనే కాల్చకుండా దించి, మళ్లీ ఎత్తడం అలవాటు చేయండి.

6. సిద్ధమయ్యాక పోటీకి వెళదామని కూర్చోవద్దు

క్లబ్బు పోటీ అయినా, జిల్లా పోటీ అయినా, భద్రతా నియమాలు ఒంటబట్టగానే పేరు ఇచ్చేయండి. గుండె దడ, పక్క లేన్లోంచి వచ్చే చప్పుడు, నడిచిపోతున్న గడియారం సాధనలో దొరకవు. కాల్చే చేతికి గడియారం, కడియం లాంటివి ఉండకూడదు. బూటు చీలమండను కప్పకూడదు. ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువును నిలపాలి. ఇవన్నీ పోటీ ముందురోజే చూసుకోండి. టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్‌కు మ్యాచ్ మధ్యలో పిస్టల్ మొరాయించి విలువైన నిమిషాలు పోయాయి, ఫైనల్ చేజారింది. అంతటి క్రీడాకారిణికే అలా జరిగినప్పుడు మనం స్క్రూలు బిగించుకుని వెళ్లడంలో తప్పేముంది?

7. తల్లిదండ్రులకు ఒక మాట

పిల్లల వెనక నిలబడి మానిటర్ చూస్తూ ప్రతి ఎనిమిదికీ నిట్టూర్చకండి. ఆ నిట్టూర్పు వాళ్లకు వినిపిస్తుంది. మ్యాచ్ అయ్యాక "ఎంత వచ్చింది?" అనకుండా "ఏ సీరీస్‌లో (పది షాట్ల విడతలో) బాగా నిలబడ్డావు?" అని అడగండి. జవాబు వాళ్ల డైరీలో రాయించండి.

8. చివరిది, చిన్నదే

పెల్లెట్లు సీసంతో చేస్తారు. రేంజిలో ఏమీ తినవద్దు. బయటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కున్నాకే టిఫిన్ డబ్బా తెరవండి. చిన్నపిల్లలైతే దగ్గరుండి కడిగించండి.